ప్రకృతి చిత్రకారుల గురించి కొన్ని అపోహలు, వాస్తవాలు

పొలాలు, వాగులు, చెట్లు గీయడమే నా వృత్తి అని చెప్పగానే "ఎంత హాయైన పని!" అంటారు. ఆ మాట విన్నప్పుడల్లా ఇంగ్లండ్ చిత్రకారుడు జాన్ కాన్‌స్టబుల్ (1776–1837) గురించి చెప్పాలనిపిస్తుంది.

అపోహ: చెట్టు కింద కూర్చుని, కనిపించింది కనిపించినట్లు వేస్తే చాలు.

వాస్తవం: రెండు గంటలు గడిస్తే నీడలన్నీ జరిగిపోతాయి. మొదలుపెట్టినప్పటి దృశ్యం అక్కడ ఉండదు. కాన్‌స్టబుల్ ఆరుబయట స్కెచ్‌లు వేసుకునేవారు, పెద్ద చిత్రాలను మాత్రం స్టూడియోలో కూర్చేవారు. 1821లో ప్రదర్శించిన 'ది హే వెయిన్' (గడ్డిబండి) లండన్‌లోనే తయారైంది. బండి వివరాలు కావాలంటే ఊళ్లో ఉన్న తమ్ముడు బొమ్మ గీయించి పంపాడు. అంతకుముందే దాదాపు అదే కొలతలో, ఆరడుగుల వెడల్పున, తైలవర్ణ స్కెచ్ ఒకటి పూర్తిగా వేసి చూసుకున్నారు. అందులో ఒడ్డున గుర్రం మీద ఒక మనిషి ఉంటాడు. చివరి చిత్రంలో లేడు. ఏది ఉంచాలో, ఏది తీసేయాలో తేల్చుకోవడమే ఈ పనిలో అసలు కష్టం. నా దగ్గర నేర్చుకునేవారికి ఆ స్కెచ్‌నూ, చివరి చిత్రాన్నీ పక్కపక్కన పెట్టి చూపిస్తాను.

అపోహ: ఆకాశానిదేముంది, నీలం పూసి నాలుగు మబ్బులు వేస్తే సరి.

వాస్తవం: నేల మీద పడే వెలుగంతా అక్కడినుంచే వస్తుంది. మబ్బు ఒకలా, పొలం మీది నీడ మరోలా ఉంటే చూసేవారి కన్ను వెంటనే పట్టేస్తుంది. 1821, 1822లలో కాన్‌స్టబుల్ లండన్ శివారు హ్యాంప్‌స్టెడ్‌లో పదులకొద్దీ మబ్బులనే చిత్రించారు. చాలావాటి వెనుక తేదీ, సమయం, గాలి తీరు రాసిపెట్టుకున్నారు.

అపోహ: ప్రతిభ ఉంటే గుర్తింపు తానే వస్తుంది.

వాస్తవం: వస్తుంది, కానీ ఎప్పుడు? కాన్‌స్టబుల్ బతుకుతెరువుకు మనుషుల బొమ్మలు వేశారు. 'ది హే వెయిన్' లండన్ ప్రదర్శనలో అమ్ముడుపోలేదు. 1824లో పారిస్‌లో సలోన్ అనే చిత్రకళా ప్రదర్శనలో బంగారు పతకం తెచ్చింది. లండన్‌లోని కళాకారుల సంస్థ రాయల్ అకాడమీలో పూర్తి సభ్యత్వం 1829లో దక్కేసరికి ఆయనకు 52 ఏళ్లు. అంతకు కొద్ది నెలల ముందే భార్య మరియా చనిపోయింది. ఆ వరస చదివినప్పుడల్లా నాకు మనసు బరువెక్కుతుంది.

అపోహ: దేశాలు తిరగాలి.

వాస్తవం: కాన్‌స్టబుల్ ఇంగ్లండ్ దాటి వెళ్లలేదు. పేరు తెచ్చిన చిత్రాల్లో చాలావరకు సొంత ఊరి పక్కన పారే స్టౌర్ నది చుట్టుపక్కలవే. అరకు వెళ్లాలా, ఊటీ వెళ్లాలా అని అడిగేవారికి ముందు మీ ఊరి చెరువుగట్టు గీయమంటాను, ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి.