పికప్ బండ్ల లిమిటెడ్ స్లిప్, లాకింగ్ డిఫరెన్షియళ్లు: అపోహలు - వాస్తవాలు

ఉద్దానం తోటల నుంచి కొబ్బరికాయల లోడుతో బయలుదేరిన పికప్, పలాస దగ్గర 16వ నంబరు జాతీయ రహదారి ఎక్కేలోపు ఇసుక దారులు, వానాకాలమైతే బురద గుంటలు దాటవలసి ఉంటుంది. భావనపాడు తీరం నుంచి చేపల పెట్టెలు తెచ్చే బండ్లదీ అదే పరిస్థితి. టెక్కలిలో ఇలాంటి బండ్ల వెనుక ఇరుసు పెట్టెలైన హౌసింగులు విప్పి బిగించే వృత్తిలో ఉన్నందువల్ల, డిఫరెన్షియల్ (హౌసింగు లోపల ఉండి ఇంజను బలాన్ని రెండు చక్రాలకూ పంచుతూ, మలుపుల్లో అవి వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే గేర్ల సమూహం) గురించి యజమానులూ డ్రైవర్లూ చెప్పే మాటలు రోజూ వింటూ ఉంటాను. వాటిలో కొన్ని సగం నిజాలు, కొన్ని ప్రమాదకరమైన అపోహలు. ఒక చక్రం జారుడును అడ్డుకునే లిమిటెడ్ స్లిప్, రెండు చక్రాలనూ ఒకటిగా బిగించే లాకింగ్ డిఫరెన్షియల్ (లాకర్) రెండూ మంచి యంత్రాంగాలే. అయితే తన బండి హౌసింగులో ఉన్నది ఏ రకమో తెలియనివారికి అవి ఉపయోగపడకపోగా, చక్రాన్ని తిప్పే కడ్డీ అయిన యాక్సిల్ షాఫ్ట్ విరగడానికి కూడా కారణమవుతాయి.

అపోహ: మామూలు డిఫరెన్షియల్ బలమంతా జారే చక్రానికే పంపిస్తుంది.

బురదలో ఉన్న చక్రం గిర్రున తిరుగుతూ, గట్టి నేల మీది చక్రం కదలకుండా ఉండడం చూసినవారికి ఇది నిజమే అనిపిస్తుంది. వాస్తవానికి రెండు చక్రాలకూ ఎప్పుడూ దాదాపు సమానమైన టార్కే (తిప్పే బలమే) అందుతుంది. ఇంజను బలంతో తిరిగే పెద్ద పళ్ల చక్రమైన క్రౌన్ వీల్‌కు బిగించిన కేజ్ లోపల స్టార్ గేర్లు, ఒక్కో యాక్సిల్‌కు ఒకటిగా ఉండే రెండు సన్ గేర్ల మధ్య కూర్చుని, అటువైపునూ ఇటువైపునూ ఒకే బలంతో నెడతాయి. జారే చక్రం కింది నేల 50 న్యూటన్ మీటర్ల టార్కునే ఓర్చుకోగలిగితే, గట్టి నేల మీది చక్రానికి కూడా ఆ 50 మాత్రమే దక్కుతుంది. లోడు బండి కదలడానికి మొత్తం 100 చాలదు. జారే చక్రానికి ఎక్కువగా అందేది వేగమే గాని బలం కాదు.

మరి ఈ ఏర్పాటు ఎందుకంటే, మలుపుల కోసం. వెనుక చక్రాల మధ్య దూరం 1.4 మీటర్లు అనుకుంటే, బండి ఒక లంబకోణపు మలుపు తిరిగేసరికి బయటి చక్రం లోపలి చక్రం కంటే సుమారు 2.2 మీటర్లు ఎక్కువ నడవాలి. మలుపు ఇరుకైనా విశాలమైనా ఈ లెక్క మారదు. పికప్ టైరు ఒక్క చుట్టులో నడిచే దూరం కూడా దాదాపు అంతే. అంటే ప్రతి జంక్షన్ దగ్గరా బయటి చక్రం ఒక చుట్టు అదనంగా తిరగవలసిందే. ఆ వెసులుబాటు లేకపోతే ఏదో ఒక టైరు రోడ్డు మీద ఈడ్చుకుపోతుంది.

అపోహ: లిమిటెడ్ స్లిప్ ఉంటే ఒక చక్రం గాలిలో లేచినా బండి బయటపడుతుంది.

ఇది ఏ రకం లిమిటెడ్ స్లిప్ అన్నదాని మీద ఆధారపడి ఉంటుంది. క్లచ్ ప్లేట్ల రకంలో స్ప్రింగులు ప్లేట్లను ముందుగానే కొంత నొక్కి ఉంచుతాయి కాబట్టి, ఒక చక్రానికి పట్టు పూర్తిగా పోయినా రెండో చక్రానికి ఎంతో కొంత టార్కు అందుతుంది. ప్లేట్లు అరిగేకొద్దీ ఆ మొత్తం తగ్గిపోతుంది. హెలికల్ గేర్ల రకం వేరు. అమెరికాకు చెందిన వెర్నాన్ గ్లీస్మన్ 1958లో పేటెంటు పొందిన టోర్సెన్ ఈ కోవలోనిదే. ఇది తక్కువ పట్టున్న చక్రం ఓర్చుకునే టార్కుకు కొన్ని రెట్లు రెండో చక్రానికి ఇస్తుంది. ఆ నిష్పత్తి మూడు అనుకుంటే, పై ఉదాహరణలో గట్టి నేల మీది చక్రానికి 50కి బదులు 150 అందుతుంది. కానీ సున్నాను మూడుతో హెచ్చించినా సున్నాయే. గాలిలో తేలిన చక్రానికి ప్రతిఘటన లేదు కాబట్టి రెండో చక్రానికీ చెప్పుకోదగ్గ బలం రాదు.

అటువంటప్పుడు హ్యాండ్‌బ్రేక్ కొద్దిగా లాగి పట్టుకుంటే పని జరుగుతుంది. ఆ బ్రేకు ఒక్కో వెనుక చక్రాన్ని 100 న్యూటన్ మీటర్లతో పట్టుకుందనుకుందాం. గాలిలోని చక్రం 100 ఓర్చుకుంటుంది కనుక నేల మీది చక్రానికి 300 వస్తుంది. అందులో బ్రేకు 100 తినేసినా 200 బండిని లాగడానికి మిగులుతుంది. ఇదే చిట్కాను మామూలు డిఫరెన్షియల్ మీద ప్రయోగిస్తే నేల మీది చక్రానికి వచ్చేదీ 100, బ్రేకు తినేదీ 100; మిగిలేది ఏమీ ఉండదు. హ్యాండ్‌బ్రేక్ లాగితే ఏ బండైనా బురదలోంచి వచ్చేస్తుందని చాలామంది డ్రైవర్లు గట్టిగా నమ్ముతారు. మామూలు డిఫరెన్షియల్ ఉన్న బండి మీద అలా చేయడం వల్ల బ్రేక్ లైనర్లు కాలడం తప్ప లాభం లేదు.

అపోహ: లాకర్, లిమిటెడ్ స్లిప్ రెండూ ఒకటే.

లిమిటెడ్ స్లిప్ వేగాల తేడాను అడ్డుకుంటుంది. లాకర్ ఆ తేడాను పూర్తిగా తీసేస్తుంది. లాక్ పడ్డాక రెండు యాక్సిళ్లూ ఒకే కడ్డీలాగా తిరుగుతాయి, కాబట్టి అవసరమైతే టార్కంతా పట్టున్న చక్రానికే పోగలదు. టయోటా హైలక్స్‌లో డ్రైవరే మీట నొక్కి వెనుక డిఫరెన్షియల్‌ను లాక్ చేస్తాడు. మహీంద్రా థార్‌లోని, బొలెరో నియోలోని కొన్ని రకాల్లో ఉండేది ఈటన్ కంపెనీ వారి మెకానికల్ లాకర్. దానికి మీట ఉండదు. అమెరికాలో జనరల్ మోటార్స్ పికప్‌లకు ఈ యంత్రాంగం 1973 నుంచి వస్తోంది.

దీని లోపలి పని చూడముచ్చటైనది. రెండు చక్రాల వేగాల్లో తేడా నిమిషానికి సుమారు 100 చుట్లకు చేరగానే, వేగాన్ని పసిగట్టే లోపలి గవర్నర్‌లోని చిన్న బరువులు విచ్చుకుని లాచ్ అనే కొక్కేనికి తగులుకుంటాయి. గవర్నర్ ఆగిపోగానే క్యామ్ ప్లేటు వాలుల మీదుగా పక్కకు జరిగి క్లచ్ ప్లేట్లను నొక్కి, డిఫరెన్షియల్‌ను పూర్తిగా బిగిస్తుంది. బండి వేగం గంటకు సుమారు 32 కిలోమీటర్లు దాటితే లాచ్ పక్కకు తొలగుతుంది, కొత్తగా లాక్ పడదు.

ఇది తెలియని డ్రైవరు రెండు తప్పులు చేస్తాడు. చక్రం జారగానే యాక్సిలరేటర్ వదిలేస్తే తేడా 100 చుట్లకు చేరదు, లాక్ పడదు. భయపడి పూర్తిగా తొక్కేస్తే, జోరుగా తిరుగుతున్న చక్రం మీద లాక్ ఒక్కసారిగా పడి, ఆ దెబ్బంతా ఒకే యాక్సిల్ షాఫ్ట్ మీద వస్తుంది. మామూలు డిఫరెన్షియల్‌లో షాఫ్ట్ మోసేది సగం టార్కునే అన్న సంగతి ఇక్కడ గుర్తుంచుకోవాలి. చిన్న గేరులో, ఒకే తీరుగా, నెమ్మదిగా తొక్కి ఉంచి ‘టక్’ మనే శబ్దం కోసం ఆగడమే సరైన పద్ధతి.

అపోహ: జాకీ ఎత్తి చేత్తో చక్రం తిప్పితే లాక్ ఉందో లేదో తెలిసిపోతుంది.

పాత బండ్ల బేరాల్లో ఈ పరీక్ష చాలా మామూలు. గేరు న్యూట్రల్‌లో పెట్టి, వెనుక చక్రాలు రెండూ లేపి, ఒకదాన్ని తిప్పితే రెండోది ఎదురు దిశలో తిరిగితే మామూలు రకమనీ, అదే దిశలో తిరిగితే లిమిటెడ్ స్లిప్ అనీ అంటారు. క్లచ్ ప్లేట్లు బాగున్న రకానికి ఇది సరిపోతుంది. కానీ మెకానికల్ లాకర్‌ను చేత్తో తిప్పే వేగంలో గవర్నర్ స్పందించదు. అది అచ్చం మామూలు డిఫరెన్షియల్ లాగే ఎదురు దిశలో తిప్పి చూపిస్తుంది. అరిగిన క్లచ్ రకమూ అంతే. నమ్మదగినవి బండి స్పెసిఫికేషన్, కవరు విప్పి చూసిన కన్ను, ఈ రెండే. ఒక్క చక్రం మాత్రమే జాకీ మీద ఉంచి ఇంజను గేరులో నడపడం మాత్రం ఎవ్వరూ చేయకూడదు. లోపల లాకర్ గాని, లిమిటెడ్ స్లిప్ గాని ఉంటే నేల మీది చక్రం బండిని జాకీ మీంచి లాగేస్తుంది.

అపోహ: లాక్ వేసుకుంటే తడి తారు రోడ్డు మీద భద్రత ఎక్కువ.

దీనికి పూర్తిగా విరుద్ధమే నిజం. లాక్ పడిన వెనుక చక్రాలు మలుపు తిరగడానికి ఒప్పుకోవు, ముందు భాగం నేరుగా పోవాలని చూస్తుంది, వెనుక టైర్లు ఒకేసారి పట్టు వదిలితే బండి తోక పక్కకు జారుతుంది. ట్రాక్టరుతో దమ్ము చేసే మన రైతులకు ఈ విషయం బాగా తెలుసు: ఒక చక్రం జారినప్పుడే డిఫరెన్షియల్ లాక్ పెడల్ తొక్కుతారు, గట్టు దగ్గర మలుపు తిప్పే ముందే కాలు తీసేస్తారు. మీట ఉన్న పికప్‌కూ ఇదే నియమం.

ఫోర్ వీల్ డ్రైవ్ ఉంటే లాక్ అక్కర్లేదనే మాట కూడా వింటుంటాం. రెండు ఇరుసుల్లోనూ మామూలు డిఫరెన్షియళ్లే ఉంటే, ముందు ఒక చక్రం, వెనుక ఒక చక్రం ఐమూలగా లేచినప్పుడు ఆ బండీ ఆగిపోతుంది. ఇసుక విషయం వేరు. అక్కడ రెండు చక్రాలూ సమానంగా కూరుకుపోతాయి గనుక లాకర్ చేయగలిగింది తక్కువ. నా దృష్టిలో లోడు తగ్గించుకుని, టైర్లలో గాలి కొంత తగ్గించడం ముందు చేయవలసిన పని. హైవే ఎక్కే ముందు గాలి మళ్లీ నింపాలి.

అపోహ: హౌసింగు ఆయిల్ ఏదైనా ఒకటే.

క్లచ్ ప్లేట్లున్న లిమిటెడ్ స్లిప్‌కు, తయారీదారు కోరిన చోట ఫ్రిక్షన్ మాడిఫయర్ (ప్లేట్ల రాపిడిని మార్చే రసాయనం) కలిసిన ఆయిలే పోయాలి. అది లేకపోతే మలుపుల్లో ప్లేట్లు పట్టి వదులుతూ గడగడలాడతాయి. అదే మాడిఫయర్‌ను, వద్దని చెప్పిన లాకర్‌లో పోస్తే ప్లేట్ల పట్టు తగ్గి లాక్ సరిగా పడదు. వెనుక రెండు వైపులా వేర్వేరు సైజుల టైర్లు, లేదా ఒకవైపు కొత్తది, ఒకవైపు బాగా అరిగినది వేస్తే తిన్నని రోడ్డు మీద కూడా ప్లేట్లు నిరంతరం రాసుకుంటూనే ఉంటాయి.

గెడ్డలు (వాగులు) దాటే బండ్లకు ఇంకొక పరీక్ష అవసరం. వేడిగా ఉన్న హౌసింగు చల్లని నీటిలో దిగగానే లోపలి గాలి కుంచించుకుని, గాలి ఆడే చిన్న దారి అయిన బ్రీదర్ పూడిపోయి ఉంటే సీళ్ల పక్క నుంచి నీటిని పీల్చుకుంటుంది. డ్రెయిన్ బోల్టు విప్పినప్పుడు ఆయిల్ పాల రంగులో కనిపిస్తే జరిగింది అదే. ఆ ఆయిల్ మొత్తం తీసేసి, బ్రీదర్ శుభ్రం చేసి, సీళ్లు చూసుకున్న తర్వాతే కొత్తది పోయాలి.