రాళ్ల మీద ఇరుసు ఎందుకు విరుగుతుంది?

కాలిఫోర్నియాలో టాహో సరస్సుకు పడమరగా, సియెర్రా నెవాడా కొండల్లో రూబికాన్ ట్రయల్ అని ఒకటుంది. దాన్ని దారి అనడం మర్యాద కోసమే. సుమారు 35 కిలోమీటర్ల పొడవులో చాలాచోట్ల మోకాలెత్తు, నడుమెత్తు గ్రానైట్ బండలే ఉంటాయి. 1953 నుంచి అక్కడ జీపుల యాత్ర జరుగుతోంది. జీప్ కంపెనీ తన రాంగ్లర్ బండ్లలో గట్టి రకానికి రూబికాన్ అని పేరు పెట్టుకున్నది ఈ దారిని చూసే.

ఇక్కడ బండ్లు మనిషి నడక కన్నా నెమ్మదిగా పాకుతాయి. ఇంజిన్ చప్పుడు కూడా పెద్దగా ఉండదు. అయినా హైవే మీద ఏళ్ల తరబడి పరుగెత్తినా చెక్కుచెదరని యాక్సిల్ షాఫ్ట్, అంటే ఇరుసు లోపల ఉండి చక్రాన్ని తిప్పే, బొటనవేలికన్నా లావైన ఉక్కు కడ్డీ, ఇక్కడ ఒక్క బండ దగ్గర టపీమని విరిగిపోతుంది. వేగం లేని చోట ఇంత బలం ఎక్కడి నుంచి వస్తుంది?

గేర్ల నుంచి. 2012 నుంచి 2017 దాకా వచ్చిన రాంగ్లర్ రూబికాన్ లెక్క చూద్దాం. ఇంజిన్ ఇచ్చే గరిష్ఠ టార్క్, అంటే తిప్పే బలం, 353 న్యూటన్ మీటర్లు. మాన్యువల్ గేర్‌బాక్స్‌లో మొదటి గేరు దాన్ని 4.46 రెట్లు చేస్తుంది. లో రేంజ్‌లో పెట్టిన ట్రాన్స్‌ఫర్ కేస్ (ముందు, వెనక ఇరుసులకు బలం పంచే గేరు పెట్టె) మరో 4 రెట్లు, ఇరుసులోని క్రౌన్, పినియన్ అనే గేర్ల జత మరో 4.10 రెట్లు. మొత్తం 73 రెట్లు. రాపిడిలో పోయేది పక్కన పెడితే చక్రాల దగ్గర 25,000 న్యూటన్ మీటర్లు దాటుతుంది. ఏ మామూలు షాఫ్టూ తట్టుకునే బలం కాదిది.

మరి రోజూ ఎందుకు విరగడం లేదు? చక్రం జారుతుంది కాబట్టి. షాఫ్ట్ మీద ఎంత మెలి పడాలో చివరికి తేల్చేది టైరూ నేలా కలిసి. చక్రం మీద పడే బరువు, నేలతో పట్టు, టైరు వ్యాసార్ధం, ఈ మూడింటినీ గుణిస్తే టైరు జారేలోపు షాఫ్ట్ మీద గరిష్ఠంగా ఎంత మెలి పడగలదో వస్తుంది. అంతకు మించితే టైరు గిర్రున తిరిగిపోతుంది, షాఫ్ట్ బతికిపోతుంది. ఇంట్లో కరెంటుకు ఫ్యూజు ఎలాగో, ఇరుసుకు టైరు జారడం అలాగ.

నిటారు ఎక్కుడులో వెనక ఒక్క చక్రం మీదే 1,000 కిలోల బరువు, అంటే సుమారు 9,800 న్యూటన్లు, పడిందనుకుందాం. పొడి గ్రానైట్ మీద రబ్బరు పట్టు 0.9 అనుకుంటే, గాలి తగ్గించిన 37 అంగుళాల టైరుకు వ్యాసార్ధం సుమారు అడుగున్నర, అంటే 0.45 మీటర్లు. గుణిస్తే 4,000 న్యూటన్ మీటర్ల దాకా వస్తుంది. అదే బండికి 31 అంగుళాల టైర్లుంటే దాదాపు 3,300. ఇంజిన్‌ను ఎవరూ ముట్టుకోలేదు, మారింది టైరు ఒక్కటే. అయినా షాఫ్ట్ కష్టం ఐదో వంతు పెరిగింది.

రాళ్లెక్కే బండికి జనం చేయించే మార్పులన్నీ వరసగా చూస్తే ఒక్కటే కనిపిస్తుంది: అన్నీ ఆ ఫ్యూజును పీకేసేవే. పెద్ద టైర్లు వేస్తారు. గాలి 35 పీఎస్ఐ నుంచి 12, 15కు దించుతారు. మెత్తబడ్డ రబ్బరు బండ అంచును కరుచుకుంటుంది, ఇక పట్టు 0.9 దగ్గర ఆగదు. ఆపైన లాకర్. ఇరుసు మధ్యలో ఉండే మామూలు డిఫరెన్షియల్ బలాన్ని రెండు చక్రాలకూ సమానంగా పంచుతుంది కాబట్టి ఒక చక్రం గాల్లో తేలితే రెండోదానికీ బలం అందదు. మన ఊళ్లలో దమ్ము చేసేటప్పుడు ఒక చక్రం దిగబడితే ట్రాక్టర్ డ్రైవరు కాలితో నొక్కే డిఫరెన్షియల్ లాక్ పెడల్ చేసే పనే ఇక్కడ లాకర్ చేస్తుంది. రెండు షాఫ్టులూ ఒకటిగా బిగుసుకుంటాయి. గాల్లో ఉన్న చక్రానికి పనేమీ ఉండదు, ఇరుసుకు వచ్చిన బలమంతా ఒక్క షాఫ్ట్ మోస్తుంది. లాకర్ వేయించి షాఫ్టులు పాతవే ఉంచడం నా దృష్టిలో బేరం చేసి మరీ కష్టం కొనుక్కోవడం.

ఇక టైరు రెండు బండల మధ్య ఇరుక్కుంటే జారడం అన్న మాటే లేదు. ఎగిరెగిరి పడే చక్రం సంగతి అంతకన్నా చెడ్డది. గాల్లో జోరుగా తిరుగుతున్న బరువైన టైరు రాయి మీద పడి ఠక్కున ఆగుతుంది. తిరుగుడులో ఉన్న శక్తి అంతా క్షణంలో షాఫ్ట్‌లోకి దిగుతుంది. అనుభవమున్న డ్రైవర్లు బండి ఎగరడం మొదలవగానే యాక్సిలరేటర్ మీంచి కాలు తీసేది ఇందుకే.

ఇప్పుడు షాఫ్ట్ లోపలికి వెళ్దాం. గుండ్రటి కడ్డీని మెలిపెడితే నడిమధ్యలో ఒత్తిడి సున్నా, పైపొరలో గరిష్ఠం. అందుకే ఫ్యాక్టరీల్లో ఇండక్షన్ పద్ధతిలో పైపొరనే వేడి చేసి, చల్లార్చి గట్టిపరుస్తారు. లోపలిది కాస్త మెత్తగా ఉంటేనే మంచిది, దెబ్బకు పెళుసుగా పగలదు. ఇదే సూత్రం నుంచి ఇంకో విషయం కూడా వస్తుంది: మెలిని తట్టుకునే బలం వ్యాసానికి ఘనంగా పెరుగుతుంది. జీపుల్లో ఎక్కువగా కనిపించే డానా 44 ఇరుసులో, చివర 30 పళ్లున్న షాఫ్ట్ లావు 33 మిల్లీమీటర్లు. ఒక టన్ను ట్రక్కుల కింద వచ్చే డానా 60లో 35 పళ్ల షాఫ్ట్ 38 మిల్లీమీటర్లు. చూపుకు తేడా తెలియదు. ఘనం చేస్తే మాత్రం అదే ఉక్కుతో బలం ఒకటిన్నర రెట్లు. ఈ డానా అన్న పేరు చార్లెస్ డానాది. అంతకుముందు ఆ కంపెనీ 1903లో, వంగిన కోణంలోనూ తిప్పుడును అందించే యూనివర్సల్ జాయింట్‌కు పేటెంట్ పొందిన క్లారెన్స్ స్పైసర్‌ది. 44, 60 అన్నవి కేవలం మోడల్ అంకెలు, వాటిలో కొలతల కోసం వెతకొద్దు.

లావు పెంచకుండా లోహం మార్చే దారీ ఉంది. నికెల్, క్రోమియం, మాలిబ్డినం కలిసిన 4340 ఉక్కును అక్కడ క్రోమోలీ అంటారు. దాని గురించి ఒక అపోహ ఉంది, అది తక్కువ మెలి తిరుగుతుందని. నిజానికి ఉక్కులన్నిటి బిరుసుతనం దాదాపు ఒకటే. 4,000 న్యూటన్ మీటర్లు పడితే 80 సెంటీమీటర్ల పొడవు, 33 మిల్లీమీటర్ల లావు ఉన్న కడ్డీ ఏ ఉక్కుదైనా 19, 20 డిగ్రీల దాకా మెలి తిరుగుతుంది. తేడా ఆ తర్వాత వస్తుంది. మామూలు ఉక్కు ఒక హద్దు దాటాక తిరిగి తిన్నగా కాదు. క్రోమోలీ ఇంకా చాలా దూరం మెలి తిరిగి కూడా వెనక్కి వస్తుంది. దెబ్బలో వచ్చిన శక్తిని స్ప్రింగులా మింగి వదులుతుంది. 38 మిల్లీమీటర్ల కడ్డీ అదే బలానికి 11 డిగ్రీలే తిరుగుతుంది. బలం పెరిగింది, కానీ మెలి తిరిగే గుణం తగ్గింది. తను మింగని దెబ్బను పక్కవాళ్లకు, అంటే క్రౌన్, పినియన్‌లకు అందిస్తుంది.

ముందు ఇరుసులో బలహీనమైన చోటు షాఫ్ట్ కాదు, స్టీరింగ్ తిరిగే దగ్గర ఉండే యూనివర్సల్ జాయింట్. మన మెకానిక్కుల మాటలో క్రాస్. తిన్నగా ఉన్నప్పుడు దాని పని సులువు. చక్రం 35 డిగ్రీలు తిప్పితే మాత్రం, షాఫ్ట్ ఒకే వేగంతో తిరుగుతున్నా చక్రం వేగం ఒక్కో చుట్టులో రెండేసి సార్లు 22 శాతం పైకీ 18 శాతం కిందికీ ఊగుతుంది. లారీ ప్రొపెల్లర్ షాఫ్ట్‌కు రెండు చివరలా రెండు క్రాసులుంటాయి, ఒకదాని ఊపును ఇంకొకటి సరిచేస్తుంది. ఇక్కడ ఒక్కటే. బలం కూడా అలాగే ఊగుతుంది, క్రాస్‌ను పట్టుకున్న చెవులు తెరుచుకుంటాయి, దాని బేరింగ్ కప్పులు బయటికి వస్తాయి. ముందు లాకర్ వేసి, స్టీరింగ్ పూర్తిగా తిప్పి, గట్టిగా తొక్కడం: ముందు ఇరుసును విరగ్గొట్టడానికి ఇంతకన్నా నమ్మకమైన పద్ధతి లేదు.

వెనక ఇరుసు కొనేటప్పుడు మొదట అడగాల్సింది షాఫ్ట్ లావు గురించి కాదంటాను. అది ఫుల్ ఫ్లోటింగా, సెమీ ఫ్లోటింగా అని అడగాలి. సెమీ ఫ్లోటింగ్‌లో షాఫ్ట్ రెండు పనులు చేస్తుంది: చక్రాన్ని తిప్పుతుంది, బండి బరువునూ మోస్తుంది. మెలి ఒక పక్క, వంపు ఒక పక్క. తిరిగే ప్రతి చుట్టుకూ వంపు దిశ మారుతుంది కాబట్టి లోహం అలిసిపోతుంది. బేరింగ్ అవతల విరిగితే చక్రం ఊడి దొర్లిపోతుంది. ఫుల్ ఫ్లోటింగ్‌లో బరువంతా హబ్బులోని రెండు బేరింగుల మీద ఉంటుంది, షాఫ్ట్‌కు తిప్పడం ఒక్కటే పని. మన లారీల వెనక చక్రం మధ్యలో గుండ్రంగా బోల్టులు కనిపిస్తాయి కదా, అవి ఆ షాఫ్ట్‌వే. బోల్టులు విప్పితే చక్రం నేల మీదే ఉండగా షాఫ్ట్‌ను బయటికి లాగేయొచ్చు. రూబికాన్‌లో విరిగినా అంతే, ముక్కలు లాగేసి మిగతా చక్రాలతో ఇంటిదారి పట్టొచ్చు.

అందుకే పాత షెవ్రొలే ఒక టన్ను ట్రక్కుల కింద వచ్చిన ఫుల్ ఫ్లోటింగ్ 14 బోల్ట్ ఇరుసుకు తుక్కు యార్డుల్లో అంత గిరాకీ. క్రౌన్ గేరు 10.5 అంగుళాలు, పినియన్ ముక్కుకు అవతల కూడా ఒక బేరింగ్. దాని జబ్బల్లా ఒకటే, హౌసింగ్ కిందికి వేలాడి ప్రతి రాయినీ పలకరిస్తుంది. చాలామంది దాని అడుగును కోసి చదునైన ప్లేటు వెల్డింగ్ చేయించుకుంటారు.

పెద్ద టైర్లకు తగ్గట్టు గేరు నిష్పత్తి పెంచడంలోనూ ఒక మెలిక ఉంది. 4.10 నిష్పత్తిలో పినియన్‌కు 10 పళ్లు, క్రౌన్‌కు 41. 5.38కు వెళ్తే 8 పళ్లకు 43. క్రౌన్ అదే హౌసింగ్‌లో పట్టాలి కాబట్టి చిక్కిపోయేది పినియనే. డానా 44లో ఇది చేసి 40 అంగుళాల టైర్లు వేస్తే షాఫ్టులు క్రోమోలీవైనా గేరు పళ్లు మిగలవు. దీన్ని తప్పించుకునే తెలివైన దారి 1940ల చివర్లో జర్మనీలో పొలం పనుల కోసం పుట్టిన యూనిమోగ్‌లో ఉంది. చివరి గేరు తగ్గింపును చక్రం దగ్గరే, పోర్టల్ పెట్టెలో పెట్టారు. అక్కడ 1.5 రెట్లు పెరిగితే, దానికి ముందున్న షాఫ్ట్, క్రాస్, పినియన్ అన్నింటి మీదా మూడో వంతు భారం తగ్గుతుంది. ఇరుసు నడుము కూడా నేల నుంచి పైకి లేస్తుంది. ఖర్చు మాత్రం చాలామంది జేబు దాటిపోతుంది.

33, 35 అంగుళాల టైర్లతో, కాలు అదుపులో ఉంచుకుని నడిపేవాళ్లకు డానా 44 చాలు. 37కు క్రోమోలీ షాఫ్టులు, పెద్ద క్రాసులు. 40కి ఒక టన్ను ఇరుసులే, వెనక ఫుల్ ఫ్లోటింగ్ తప్పనిసరి. వాటి బరువుకు భయపడనక్కర్లేదు, అది కిందనే ఉంటుంది కాబట్టి పక్క వాలులో బండి పల్టీ కొట్టే భయం కొంత తగ్గుతుంది. ఏది ఎంచుకున్నా క్రౌన్, పినియన్ కన్నా షాఫ్ట్‌గానీ క్రాస్‌గానీ కొంచెం బలహీనంగా ఉండటమే మేలు. అవి విరిగితే డిక్కీలోని స్పేరుతో కొండ మీదే మార్చుకోవచ్చు, గేరు పళ్లు రాలితే ఆ పని షెడ్డులోనే. కొత్త షాఫ్ట్ బిగించే ముందు దాని పొడవునా తిన్నగా ఒక పెయింటు గీత గీసి పెట్టుకుంటారు కొందరు. తర్వాత బయటికి తీసినప్పుడు ఆ గీత మెలితిరిగి కనిపిస్తే ఉక్కు హద్దు దాటిందని లెక్క. విరక్కపోయినా సరే, దాన్ని మళ్లీ బిగించకూడదు.