రాతిలో చుట్టిల్లు

చిరంజీవులు చిన్నూకి, అమ్ములుకి తాతయ్య దీవెనలు.

మొన్న గుంటుపల్లి కొండ మీద బౌద్ధ గుహల దగ్గర "గుడేది తాతయ్యా, అన్నీ రాళ్ళేగా" అని ఇద్దరూ మొహాలు వేలాడేశారు. మీ నాన్నేమో ఎండెక్కుతోంది పదండని ఒకటే తొందర. అక్కడ చెప్పలేకపోయింది ఇప్పుడు రాస్తున్నాను.

గుండ్రటి గుహలోకి వెళ్ళాం, గుర్తుందా? మధ్యలో రాతి స్తూపం, చుట్టూ తిరగడానికి ఇరుకు దారి. చిన్నూ ఫోన్ లైటు పైకి వేశాడు. కప్పు నిండా వాసాలు! నలభై ఏళ్ళు వడ్రంగం చేసినవాణ్ణి, నా కాళ్ళు అక్కడే ఆగిపోయాయి. గోడ మీంచి లేచి, వంగి, నడినెత్తిన కలిసే ఆ వాసాలన్నీ రాయే. కర్ర కప్పుకైతే బరువు మోయడానికి వాసాలు కావాలి. కొండను తొలిచిన గుహలో అవి మోసేదేముంది? వాటిని చెక్కి తీసేసినా కప్పు కూలదు.

క్రీ.పూ. 2వ శతాబ్దం నాటి పని అది. అప్పట్లో కట్టడాలన్నీ ఎక్కువగా కర్రవే. చేతికి అలవాటైన రూపాన్నే రాతిలోకి దించారు. వాకిలి మీద గుర్రపు నాడాలాంటి కమాను కూడా కర్ర వంచి చేసే పనికి నకలే. బీహార్ బరాబర్ కొండల్లోని లోమశ ఋషి గుహ వాకిలీ ఇలాగే ఉంటుంది. అంత దూరమెందుకు, నేను పుట్టిన చుట్టిల్లు కప్పు లోపలి నుంచి చూస్తే ఇదే. నులకమంచం మీద వెల్లకిలా పడుకుని వాసాలు లెక్కపెట్టేవాణ్ణి. ఆ ఇల్లు తుఫానుకు పోయింది.

అమ్ములూ, బుద్ధుడి బొమ్మ లేదేమని అడిగావు. ఆ తొలినాళ్ళలో బొమ్మ పెట్టేవారు కాదు. దణ్ణమైనా ప్రదక్షిణమైనా స్తూపానికే. బౌద్ధులు వెళ్ళిపోయాక ఊరివాళ్ళకది శివలింగంలా కనబడింది, ధర్మలింగేశ్వరుడన్నారు. నాకైతే తప్పనిపించదు. చీకట్లో ఆ నున్నటి గుండును చూస్తే ఎవరికైనా చేతులు జోడించబుద్ధవుతుంది.

పక్కనున్న గదులు భిక్షువులవి. వానాకాలం మూడు నెలలు వాళ్ళు ఊళ్ళు తిరగకుండా ఒకచోటే ఉండాలి. ఇసుకరాయి కదా, ఉలికి లొంగినట్టే వానకూ లొంగి గోడలు అరిగిపోయాయి.

చిన్నూ, నువ్వు తీసిన కప్పు ఫొటో పంపు. వాసాలు సగం లెక్కపెట్టేసరికి మీ నాన్న కింద నుంచి ఫోన్ చేశాడు.

మీ తాతయ్య