మోటర్‌హోమ్ టైర్లు: గాలి లెక్కకు ముందు బరువు లెక్క

కారు నడిపిన అలవాటుతో మోటర్‌హోమ్ ఎక్కినవారు టైర్ల విషయంలో ఒక ముఖ్యమైన తేడాను చాలాసార్లు గమనించరు. కారు ఎక్కువ రోజులు ఒకరిద్దరితోనే తిరుగుతుంది కాబట్టి, దాని టైర్లు తమ శక్తిలో కొంత భాగాన్నే వాడుకుంటాయి. సరుకు లారీ నిండుగా వెళ్లినా చాలాసార్లు ఖాళీగా తిరిగివస్తుంది. మోటర్‌హోమ్‌కు ఖాళీగా తిరిగే రోజంటూ లేదు. మంచాలు, వంటగట్టు, ఫ్రిజ్, స్నానాల గది, బ్యాటరీలు, జనరేటరు, నీళ్ల ట్యాంకులు అన్నీ ఫ్యాక్టరీలోనే ఛాసిస్‌కు బిగించి వస్తాయి కాబట్టి, సామాను ఒక్కటి కూడా ఎక్కించకముందే ఇరుసులు తమ పరిమితికి దగ్గరపడి ఉంటాయి. మిగిలిన కొద్దిపాటి వెసులుబాటులోనే నీళ్లు, గ్యాసు, బట్టలు, మనుషులు సర్దుకోవాలి. టైర్లలో ఎంత గాలి ఉండాలన్న ప్రశ్నకు జవాబు ఈ బరువులోనే ఉంది. బరువు తెలియకుండా ఎంచుకున్న అంకె ఏదైనా అది ఊహే.

బండి బరువును మోసేది రబ్బరు అని అనుకుంటాం గానీ, అందులో పెద్ద వాటా లోపల బిగించిన గాలిదే. రబ్బరు, ఉక్కు తీగలు, గుడ్డ పొరలు ప్రధానంగా ఆ గాలిని పట్టి ఉంచే పని చేస్తాయి. ఒక చక్రం మీద 1000 కిలోల బరువు పడుతోందనుకుందాం. లోపలి పీడనం 80 పి.ఎస్.ఐ., అంటే సుమారు 5.5 బార్ అయితే, ఆ బరువును నిలబెట్టడానికి టైరు నేలను దాదాపు 180 చదరపు సెంటీమీటర్ల మేర తాకాలి. వేళ్లతో సహా ఒక పెద్ద మనిషి చేయి ఆక్రమించేంత చోటు అది. గాలి తగ్గినంత మాత్రాన బరువు తగ్గదు కనుక, టైరు మరింత అణిగి, తాకే చోటును పెంచుకుంటుంది. అలా అణిగినప్పుడు అన్నిటికంటే ఎక్కువగా వంగేది పక్కగోడ.

ఆ వంపు ఎన్నిసార్లు జరుగుతుందో లెక్కగట్టి చూస్తే ప్రమాదం ఎక్కడుందో అర్థమవుతుంది. చిన్న, మధ్యస్థ మోటర్‌హోమ్‌లలో బాగా వాడే 225/75 ఆర్ 16 సైజు టైరు చుట్టుకొలత సుమారు 2.3 మీటర్లు. గంటకు 90 కిలోమీటర్ల వేగంలో ఆ చక్రం సెకనుకు దాదాపు 11 సార్లు తిరుగుతుంది. అంటే పక్కగోడలోని ప్రతి భాగమూ గంటలో 38 వేలకు పైగా సార్లు వంగి, మళ్లీ నిటారవుతుంది. వంగేటప్పుడు తీసుకున్న శక్తినంతా రబ్బరు తిరిగి ఇవ్వదు. కొంత వేడిగా మారి లోపలే నిలిచిపోతుంది. గాలి తగ్గినకొద్దీ వంపు పెరుగుతుంది, వంపుతో పాటు వేడి పెరుగుతుంది, మందమైన రబ్బరు ఆ వేడిని త్వరగా బయటికి పోనివ్వదు. ట్రెడ్డు (టైరులో నేలను తాకే పైపొర) కింద ఉండే ఉక్కు పట్టీల అంచుల దగ్గర రబ్బరుకూ తీగకూ మధ్య ఉన్న పట్టు మెల్లగా సడలుతుంది. ఈ నష్టం జరిగిన రోజునే టైరు పగలాలని లేదు. మళ్లీ సరిగ్గా గాలి కొట్టించుకున్నాక, వారాల తర్వాత, ఒక ఎండ పూట వేగంగా వెళుతుండగా ట్రెడ్డు ఊడిపోవచ్చు. మోటర్‌హోమ్‌లో చక్రాల గూటికి ఆనుకునే వైర్లు, పైపులు, చెక్క నేల ఉంటాయి కాబట్టి, ఊడిన ట్రెడ్డు వాటిని చీల్చుకుంటూ పోతుంది.

ఉండవలసిన పీడనంలో 80 శాతానికి, లేదా అంతకంటే కిందికి పడిపోయిన గాలితో నడిచిన టైరును గాలి లేకుండా నడిచిన టైరుగానే పరిగణించాలని టైర్ల పరిశ్రమ నియమం చెబుతుంది. అలాంటి దాన్ని రిమ్ము నుంచి విప్పి, లోపలివైపు పరీక్షించాకే మళ్లీ గాలి నింపాలి. పక్కగోడలో కూడా ఉక్కు తీగలుండే పెద్ద టైర్లలో, అప్పటికే తెగిన తీగల దగ్గర గాలి కొడుతుండగానే గోడ బారుగా చీలిపోయే అవకాశం ఉంది. వాటిని ఇనుప పంజరంలో ఉంచి గాలి నింపేది ఇందుకే.

ఇప్పుడు పక్కగోడ మీది అచ్చును దగ్గరగా చూద్దాం. పైన చెప్పిన సైజులోనే ఎల్‌టీ, అంటే తేలికపాటి లారీల రకం టైరు మీద 115/112 అనే జంట అంకెలు ఉంటాయి. ఇవి లోడ్ సూచికలు. 115 అంటే ఆ టైరు ఒంటరిగా బిగించినప్పుడు 1215 కిలోలు, 112 అంటే జంటలో, అంటే ఇరుసుకు ఒక్కో పక్కన రెండేసి టైర్లుగా బిగించినప్పుడు 1120 కిలోలు మోయగలదు. అయితే ఈ రెండు సామర్థ్యాలూ చల్లగా ఉన్నప్పుడు 80 పి.ఎస్.ఐ. గాలి ఉంటేనే దక్కుతాయి. అదే సైజులో 65 పి.ఎస్.ఐ. దగ్గర ఒంటరి టైరు సామర్థ్యం సుమారు 1060 కిలోలకు పడిపోతుంది. 80కీ 65కీ తేడాను కంటితో చూసి పట్టుకోవడం దాదాపు అసాధ్యం. కానీ ముందు ఇరుసు మీది రెండు టైర్లలో కలిపి 300 కిలోలకు పైగా మోసే శక్తి అక్కడ మాయమైపోయింది. ఏ పీడనం దగ్గర ఎంత బరువు అన్నది తయారీదారులు పట్టికలుగా ప్రచురిస్తారు. మోటర్‌హోమ్ యజమాని దగ్గర తప్పకుండా ఉండవలసిన కాగితం ఏదైనా ఉంటే అది తన టైర్ల పట్టికేనని నా నమ్మకం.

పక్కగోడ మీద కనిపించే 80 అనే అంకెను ఎప్పుడూ పెట్టవలసిన గాలిగా చాలామంది భావిస్తారు. నిజానికి అది ఆ టైరు తన పూర్తి బరువును మోయడానికి కావలసిన గాలి. ఇరుసు మీద బరువు తక్కువగా ఉన్నా అంతే పెడితే టైరు నేలను తాకే చోటు తగ్గుతుంది, మధ్యభాగం త్వరగా అరుగుతుంది, తడి రోడ్డు మీద పట్టు సడలుతుంది, గతుకుల దెబ్బలు నేరుగా బండికి తగులుతాయి. బండి తయారీదారు డ్రైవరు సీటు దగ్గర అతికించే పలక మీది అంకె వేరు. ఇరుసు తన పూర్తి పరిమితి మేరకు బరువు మోస్తున్నప్పుడు సరిపోయేలా దాన్ని నిర్ణయిస్తారు కాబట్టి, తూకం ఇంకా వేయించనివారికి, టైర్లు పలకలో చెప్పిన సైజు, రకమే అయితే, అదే నమ్మదగిన అంకె.

ఈ పీడనాలన్నీ చల్లటి టైరుకు చెప్పినవే. బండి కనీసం మూడు గంటలు నిలిచి ఉన్నాక, ఎండ తగలకముందు గేజి పెట్టి చూడాలి. దారిలో వేడికి పీడనం పెరగడం సహజం. టైరు రూపకల్పనలోనే దానికి చోటుంది కాబట్టి, అప్పుడు గాలి తీసేయడం తప్పు. వాతావరణం ప్రభావం మనం అనుకునే దానికంటే పెద్దది. 20 డిగ్రీల సెల్సియస్ దగ్గర 80 పి.ఎస్.ఐ. నింపిన టైరు, ఒక్క బుడగ గాలి కూడా పోకుండానే, 0 డిగ్రీల ఉదయాన 73, 74 చూపిస్తుంది. మైదానం నుంచి కొండ ప్రాంతానికి వెళ్లినవారు మరునాడు పొద్దున మళ్లీ గేజి పెట్టాలి.

ఇరుసు పరిమితి విషయానికొస్తే, ఆ అంకె ఇరుసు కడ్డీ ఒక్కదాని బలం కాదు. టైర్లు, రిమ్ములు, స్ప్రింగులు, బేరింగులు, బ్రేకులు, ఇరుసు, వీటన్నిటిలో అన్నిటికంటే బలహీనమైనది ఎంత మోయగలదో అదే పరిమితి. కాబట్టి బలమైన టైర్లు వేసినా, స్ప్రింగులకు తోడుగా గాలి తిత్తులు అమర్చినా, బండి వెనక్కి వాలడం తగ్గవచ్చు గానీ పరిమితి పెరగదు. బ్రేకులు పాతవే కదా. మొత్తం బండికి మరో పరిమితి విడిగా ఉంటుంది. రెండు ఇరుసుల పరిమితులను కూడితే చాలా బండ్లలో అది ఈ మొత్తం పరిమితి కంటే ఎక్కువే వస్తుంది. అంటే మొత్తం బరువు హద్దులోనే ఉన్నా ఒక ఇరుసు హద్దు దాటవచ్చు, ఇరుసులు రెండూ హద్దులోనే ఉన్నా మొత్తం దాటవచ్చు.

ఎంత బరువు అన్నదానితో సమానంగా ఎక్కడ పెట్టామన్నదీ లెక్కలోకి వస్తుంది. మోటర్‌హోమ్‌లో వెనుక ఇరుసు దాటాక కూడా శరీరం చాలా దూరం సాగుతుంది. రెండు ఇరుసుల మధ్య దూరం 4 మీటర్లు ఉన్న బండిలో, వెనుక ఇరుసుకు 2 మీటర్ల వెనుకనున్న అరలో 100 కిలోల సామాను పెట్టామనుకుందాం. వెనుక ఇరుసు మీద పెరిగేది 100 కాదు, 150 కిలోలు. ఎందుకంటే తులాదండం సూత్రం ప్రకారం ఆ సామాను ముందు ఇరుసును 50 కిలోల మేర పైకి లేపుతుంది, ఆ 50 కూడా వెనుక ఇరుసే మోయాలి. అదే బండిలో వెనుక ఇరుసుకు 3 మీటర్ల వెనుక స్టాండు బిగించి 120 కిలోల స్కూటరు ఎక్కిస్తే, వెనుక 210 కిలోలు పెరిగి, ముందు 90 తగ్గుతాయి. అలా తేలికైన ముందు చక్రాలు స్టీరింగుకు సరిగా స్పందించవు, బ్రేకు వేసినప్పుడు రోడ్డును గట్టిగా పట్టవు. వెనుక తగిలించి లాగే ట్రైలరు కొక్కెం మీద పడే బరువుకూ ఇదే లెక్క వర్తిస్తుంది.

నీళ్ల సంగతి ఇంకా సూక్ష్మం. లీటరు నీరు కిలో బరువు కాబట్టి 150 లీటర్ల ట్యాంకు నిండితే ఇద్దరు మనుషులు ఎక్కినట్టే. వాడిన నీరు బండిలోనే మురుగు నీళ్ల ట్యాంకులోకి చేరుతుంది. మొత్తం బరువు దాదాపు అంతే ఉన్నా, ఒక ట్యాంకు ఇరుసుల మధ్య, రెండోది వెనుక చివర ఉంటే, బస చేసిన రెండు మూడు రోజుల్లో ఎవరూ ఏ సామానూ కదపకుండానే వెనుక ఇరుసు మీద భారం పెరుగుతుంది.

అందుకే ప్రయాణానికి సిద్ధమైన స్థితిలో, అంటే ఇంధనం, నీళ్లు, సామాను, మనుషులు అందరితో, బండిని వేబ్రిడ్జి మీద ఇరుసుల వారీగా తూచాలి. వీలైతే చక్రాల వారీగా తూచడం ఇంకా మేలు, ఎందుకంటే వంటగట్టు, ఫ్రిజ్, జనరేటరు ఒకే పక్కన ఉన్న బండ్లు తక్కువేమీ కావు. ముందు ఇరుసు 2100 కిలోలు తూగితే చక్రానికి 1050 అని సగం చేసి, 65 పి.ఎస్.ఐ. చాలని పట్టిక చూసి నిర్ణయిస్తాం. చక్రాలను విడిగా తూచినప్పుడు ఎడమ 1130, కుడి 970 అని తేలితే, ఎడమ టైరు ప్రతి కిలోమీటరూ తన సామర్థ్యానికి మించి మోస్తోందన్న మాట. ఎక్కువ బరువున్న చక్రానికి పట్టిక చెప్పిన పీడనాన్నే ఆ ఇరుసు మీది టైర్లన్నిటికీ పెట్టాలి.

టైరు వయసు గురించి చెప్పవలసింది కొద్దిగానే ఉంది. పక్కగోడ మీది తయారీ సంకేతంలో చివరి నాలుగు అంకెలు 2319 అయితే అది 2019లో 23వ వారంలో తయారైందని అర్థం. నెలల తరబడి కదలకుండా నిలబడే బండిలో ట్రెడ్డు అరగకముందే రబ్బరు పగుళ్లిస్తుంది కాబట్టి, లోతు చూసి టైరు మంచిదని నిర్ణయించకూడదు.

వెనుక జంట టైర్ల దగ్గర నిర్లక్ష్యం ఎక్కువగా జరుగుతుంది. జంటలో సామర్థ్యం తక్కువగా చెప్పడానికి కారణం, రెండూ ఎప్పుడూ సమానంగా మోయకపోవడమే. రోడ్డు మధ్య ఎత్తుగా ఉండటం, ఒకటి కాస్త ఎక్కువ అరిగి ఉండటం, గాలిలో తేడా, ఏదైనా బరువును రెండోదాని మీదికి నెడుతుంది. ఒకటి పూర్తిగా గాలి పోగొట్టుకున్నా బండి నిటారుగానే నిలుస్తుంది. బయటి నుంచి ఏమీ తెలియదు, కానీ తోటి టైరు రెండింతలు మోస్తూ కాలిపోతుంటుంది. లోపలి టైరు బ్రేకు వేడికి దగ్గరగా, గాలి తగలని చోట ఉంటుంది, వాల్వు చేతికి అందదు. కర్రతో కొట్టి శబ్దం వినే పాత పద్ధతి పూర్తిగా చచ్చిన టైరును పట్టిస్తుంది గానీ, 15 పి.ఎస్.ఐ. తగ్గిన టైరును పట్టించలేదు. వాల్వుకు గట్టి పొడిగింపు గొట్టం బిగించి, గేజి పెట్టడం ఒక్కటే దారి.

అమెరికాలో 2000 సంవత్సరపు ట్రెడ్ చట్టం తర్వాత కొత్త వాహనాలకు గాలి పీడనాన్ని కనిపెట్టి హెచ్చరించే వ్యవస్థ తప్పనిసరి అయింది. అయితే ఆ నియమం 4536 కిలోల లోపు వాహనాలకే వర్తిస్తుంది, పైగా జంట చక్రాల ఇరుసు ఉన్నవాటిని మినహాయిస్తుంది. అంటే అత్యధిక మోటర్‌హోమ్‌లు దాని బయటే ఉన్నాయి. అది కోరే హెచ్చరిక కూడా గాలి 25 శాతం తగ్గాక వచ్చేదే. 80 ఉండవలసిన చోట 60 మిగిలాక. 64 దగ్గరే టైరును విప్పి చూడాలని పరిశ్రమ నియమం అంటుండగా, ఆ హెచ్చరిక వచ్చేసరికి ఆలస్యం జరిగిపోయి ఉంటుంది. విడిగా కొని వాల్వులకు బిగించే సెన్సర్లలో హద్దును మనమే నిర్ణయించుకోవచ్చు. తూకం ప్రకారం ఎంచుకున్న చల్లటి పీడనం నుంచి 10 శాతం తగ్గగానే మోగేలా, ఆరు చక్రాలకూ విడివిడిగా దాన్ని అమర్చుకోవాలి.