ఇన్ఫెక్షన్, ఐరన్, రాగి చెంబు: కొన్ని అపోహలు, వాస్తవాలు

ఆస్పత్రి మైక్రోబయాలజీ ల్యాబ్‌లో పనిచేసే నాకు తరచూ వినపడే మాటలివి.

అపోహ: రక్తం నిండా ఐరనే కదా, బాక్టీరియాకు లోటేముంటుంది?

బాక్టీరియా పెరగాలంటే ఐరన్ కావాలి. రక్తంలో అది ఉంది, కానీ అందదు. చాలావరకు ఎర్రకణాల్లో హిమోగ్లోబిన్‌లో ఉంటుంది. సీరంలో (రక్తంలో కణాలు పోగా మిగిలే ద్రవంలో) ఉన్న కాస్తనూ ట్రాన్స్‌ఫెరిన్ అనే ప్రోటీన్ గట్టిగా పట్టి ఉంచుతుంది. అందుకే ఈ-కొలై, క్లెబ్సియెల్లా లాంటి బాక్టీరియా సిడరోఫోర్లు అనే చిన్న అణువులను బయటికి వదిలి ఐరన్‌ను లాక్కుంటాయి. దీన్ని కంటితోనే చూడొచ్చు. ల్యాబ్‌లో బాక్టీరియాను పెంచి సిడరోఫోర్లను పసిగట్టే సీఏఎస్ అగార్ ప్లేటు ముదురు నీలంగా ఉంటుంది. సిడరోఫోర్ ఆ రంగులోని ఐరన్‌ను లాగేసిన కొద్దీ బాక్టీరియా కాలనీ చుట్టూ నారింజ రంగు వలయం విచ్చుకుంటుంది. ఎన్నిసార్లు చూసినా నాకు ముచ్చటే.

మన ఒళ్లు కూడా ఊరుకోదు. లిపోకాలిన్-2 అనే ప్రోటీన్‌తో సిడరోఫోర్లనే పట్టేస్తుంది. సాల్మొనెల్లా తన సిడరోఫోర్‌కు గ్లూకోజ్ తగిలించి దాన్నీ తప్పించుకుంటుంది.

ఈ పోరు ఎంత కీలకమో 2009లో షికాగోలో తెలిసింది. ఐరన్ సరిగా సంపాదించుకోలేని, బలహీనపరిచిన ప్లేగు బాక్టీరియాతో పనిచేసే శాస్త్రవేత్త ఒకరు అదే ఇన్ఫెక్షన్‌తో చనిపోయారు. ఒంట్లో ఐరన్ పేరుకుపోయే హెమోక్రోమటోసిస్ ఆయనకు ఉందని తర్వాత బయటపడింది. బాక్టీరియాకున్న లోటును అదే తీర్చి ఉండొచ్చని నిపుణులు భావించారు.

అపోహ: జ్వరంలో సీరం ఐరన్ తగ్గింది, వెంటనే ఐరన్ ఎక్కించాలి.

నాకు అన్నిటికన్నా టెన్షన్ పెట్టేది ఇదే. ఇన్ఫెక్షన్ రాగానే లివర్ హెప్సిడిన్ అనే హార్మోన్‌ను పెంచుతుంది. దాంతో పేగుల నుంచి ఐరన్ రక్తంలోకి రావడం తగ్గుతుంది, మాక్రోఫేజ్‌లు (సూక్ష్మజీవుల్ని మింగే రక్షణ కణాలు) తమ దగ్గరున్న ఐరన్‌ను వదలవు. సీరం ఐరన్ పడిపోతుంది, ఐరన్‌ను నిల్వ చేసే ఫెరిటిన్ అనే ప్రోటీన్ పెరుగుతుంది. అంటే అది శరీరం కావాలని చేసిన కట్టడి. అందుకే ఇన్ఫెక్షన్ తీవ్రంగా ఉన్నప్పుడు నరం ద్వారా ఐరన్ ఇవ్వడాన్ని డాక్టర్లు సాధారణంగా వాయిదా వేస్తారు. ఇది చదివి గర్భిణులు ఐరన్ మాత్రలు మానేయొద్దు! రక్తహీనత నిజమైన ప్రమాదం. ఏ మార్పైనా డాక్టర్‌ను అడిగే చేయాలి.

అపోహ: లోహం ఎంత ఎక్కువుంటే బాక్టీరియాకు అంత పండగ.

కాదు. ఐరన్ మితిమీరితే బాక్టీరియాకూ విషమే. అందుకే చాలా బాక్టీరియాలో తగినంత ఐరన్ చేరగానే ఫర్ అనే ప్రోటీన్ దాన్ని తెచ్చుకునే జన్యువులను ఆపేస్తుంది. డిఫ్తీరియా బాక్టీరియా అయితే ఐరన్ కొరత వచ్చినప్పుడే విషాన్ని బాగా తయారుచేస్తుంది. మన మాక్రోఫేజ్‌లు మింగిన బాక్టీరియా మీదకు రాగి, జింక్ పంపి చంపాలని చూస్తాయి. వాటిని బయటికి తోసేసే పంపులు టీబీ బాక్టీరియాకు ఉన్నాయి.

అపోహ: రాగి చెంబులో నీళ్లు తాగితే ఒంట్లో ఇన్ఫెక్షన్ పోతుంది.

రాత్రంతా రాగి పాత్రలో ఉంచితే నీళ్లలోని బాక్టీరియా తగ్గే మాట నిజం. టైఫాయిడ్‌కు అది మందు కాదు.

అపోహ: ఇవన్నీ పుస్తకాల్లో విషయాలు, రోగికేం ఉపయోగం?

2019లో అమెరికాలో అనుమతి పొందిన సెఫిడెరోకాల్ అనే యాంటీబయాటిక్‌కు సిడరోఫోర్‌లాంటి భాగం తగిలించి ఉంటుంది. ఐరన్ వస్తోందనుకుని బాక్టీరియానే దాన్ని లోపలికి లాక్కుంటుంది. బ్రాత్‌లో (ల్యాబ్‌లో బాక్టీరియాను పెంచే ద్రవంలో) ఈ మందును పరీక్షించాలంటే ముందు ఆ బ్రాత్‌లోంచి ఐరన్ తీసేయాలి. లేకపోతే బాక్టీరియాకు ఐరన్ ఆకలి ఉండదు, మందు లోపలికి అంతగా వెళ్లదు, పనిచేసే మందే పనిచేయనట్టు రిపోర్టు రావచ్చు.