ఏఓపీ-వికీలో ఒక పేజీ దిద్దాలంటే

పత్తి చేలో కొట్టిన క్లోర్‌పైరిఫాస్ వానకు కొట్టుకొచ్చి చెరువులో కలిస్తే చేపలు తేలతాయి. ఈ సంగతి రైతుకు తెలుసు, చెరువు వేలం పాడుకున్నవాడికి ఇంకా బాగా తెలుసు. విషశాస్త్రం అడిగే ప్రశ్న దాని తర్వాతిది. మందు చేప ఒంట్లో చేరిన దగ్గర్నుంచి చేప చచ్చేదాకా మధ్యలో ఏమేం జరిగాయి? ఏది ముందు, ఏది వెనక? ఒక్కో అడుగుకూ ఉన్న రుజువు ఎంత గట్టిది?

ఈ జవాబులను దేశదేశాల పరిశోధకులు కలిసి రాసుకునే చోటు ఏఓపీ-వికీ. ఏఓపీ అంటే అడ్వర్స్ అవుట్‌కమ్ పాత్‌వే. ఒక అణువు దగ్గర మొదలైన చెరుపు కణానికి, అవయవానికి, ప్రాణికి, చివరికి ఆ ప్రాణుల గుంపు మొత్తానికి ఎలా పాకుతుందో చూపే గొలుసు అది. ఈ ఆలోచనకు రూపం ఇచ్చిన పరిశోధన పత్రం 2010లో వచ్చింది. 2012లో ఓఈసీడీ (ఆర్థిక సహకార, అభివృద్ధి సంస్థ) దీన్ని ఒక కార్యక్రమంగా చేపట్టింది, 2014లో వికీని అందరికీ తెరిచారు. ఓఈసీడీతో పాటు అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ, యూరోపియన్ కమిషన్ వారి జాయింట్ రీసెర్చ్ సెంటర్, అమెరికా సైన్యపు ఇంజినీరింగ్ పరిశోధన కేంద్రం దీని నిర్మాణంలో ఉన్నాయి. చదవడం ఎవరికైనా ఉచితం. రాయాలంటే మాత్రం ఖాతా తెరిచి అనుమతి తీసుకోవాలి.

అంత కట్టుదిట్టం ఎందుకంటే, ఇక్కడి వాక్యాల మీద నిర్ణయాలు నిలబడతాయి. చర్మపు అలర్జీ సంగతే చూడండి. జుట్టుకు వేసే నల్ల రంగుల్లో ఉండే పీపీడీ చాలామందికి దురద, బొబ్బలు తెస్తుంది. రసాయనం చర్మంలోని ప్రొటీన్లకు గట్టిగా అతుక్కోవడంతో మొదలై అలర్జీతో ముగిసే ఆ గొలుసు ఏఓపీ-వికీలో 40వ నంబరు. అందులోని మొదటి మూడు మెట్లకు ఒక్కోదానికీ గాజు పాత్రలో చేసే పరీక్షలు వచ్చాయి. ఓఈసీడీ మార్గదర్శకాల్లో 442సీ, 442డీ, 442ఈ అవే. వాటి ఫలితాలను కలిపి తీర్పు చెప్పే పద్ధతికి 2021లో 497వ మార్గదర్శకం వచ్చింది. ఒకప్పుడు గినీ పందుల మీద, ఎలుకల మీద చేసిన పరీక్షకు ఈ రోజు ప్రత్యామ్నాయం ఉందంటే కారణం, మధ్యలో మెట్లు ఏవో స్పష్టంగా రాసి ఉండటమే.

చేప దగ్గరికి మళ్లీ వద్దాం. క్లోర్‌పైరిఫాస్ గొలుసు వికీలో 16వ నంబరు: ఎసిటైల్‌కోలినెస్టరేజ్ నిరోధం నుంచి మరణం దాకా. నరానికీ నరానికీ, నరానికీ కండరానికీ మధ్య కబురు మోసే రసాయనం ఎసిటైల్‌కోలిన్. కబురు అందగానే దాన్ని విరగ్గొట్టి శుభ్రం చేసే ఎంజైమ్ ఎసిటైల్‌కోలినెస్టరేజ్. ఈ ఎంజైమ్ పనిని ఆపేస్తే ఎసిటైల్‌కోలిన్ పేరుకుపోతుంది, నరాల కబురు ఆగకుండా మోగుతూనే ఉంటుంది, ఊపిరి ఆగుతుంది, ప్రాణి చస్తుంది, చావులు పెరిగితే ఆ ప్రాణుల మొత్తం సంఖ్య తగ్గుతుంది. వికీలో వీటిలో ఒక్కో ఘటనకు ఒక్కో పేజీ. పక్కపక్క ఘటనల మధ్య లంకెకు మళ్లీ వేరే పేజీ. ఈ రెండు రకాల పేజీల తేడా ఒంటబట్టకుండా దిద్దబోతే మంచి సమాచారం కూడా తప్పు గదిలో పడుతుంది.

ఘటన పేజీలో రాయాల్సింది మూడే: ఆ ఘటన ఏమిటి, దాన్ని ఎలా కొలుస్తారు, ఏ ప్రాణుల్లో, ఏ వయసులో, ఆడ మగల్లో ఎవరిలో జరుగుతుంది. రసాయనం పేరు శీర్షికలో ఉండకూడదు. ‘క్లోర్‌పైరిఫాస్ వల్ల ఎంజైమ్ తగ్గడం’ అని రాస్తే రేపు మోనోక్రోటోఫాస్ అనే మరో పురుగుమందు మీద పనిచేసేవారికి ఆ పేజీ పనికిరాదు. ‘ఎసిటైల్‌కోలినెస్టరేజ్, నిరోధం’ అని ఉంటే ఈ ఎంజైమ్‌ను ఆపే పురుగుమందుల కుటుంబాలు ఆర్గానోఫాస్ఫేట్లూ కార్బమేట్లూ అన్నీ అదే పేజీని వాడుకుంటాయి. దిశ కూడా శీర్షికలోనే చెప్పాలి. థైరాయిడ్ హార్మోన్ అయిన థైరాక్సిన్ తగ్గడం ఒక పేజీ, పెరగడం మరో పేజీ. ‘థైరాక్సిన్‌లో మార్పు’ అన్న శీర్షికతో ఏ గొలుసూ కుదరదు. రసాయనం పేరుకు వేరే చోటుంది, దాన్ని ప్రేరకాల జాబితాలో చేర్చాలి.

కొత్త పేజీ తెరిచే ముందు వెతకాలి, అదీ రెండు మూడు పేర్లతో. ఎంజైమ్ పూర్తి పేరు, పొట్టి పేరు, ‘నిరోధం’, ‘తగ్గుదల’ అన్నీ వేసి చూడాలి. ఒకే ఘటనకు రెండు పేజీలు పుడితే మనిషి చదివి రెండూ ఒకటేనని పోల్చుకుంటాడు. కానీ గొలుసులన్నీ కలిపి వలగా గీసే ప్రోగ్రాముకు అవి రెండు వేరు ముడులు, వల అక్కడ తెగిపోతుంది. ఈ ప్రమాదం తగ్గించడానికే ప్రతి ఘటనకూ ప్రక్రియ, వస్తువు, చర్య అని మూడు గళ్లు ఉంటాయి. వాటిని సొంత మాటలతో నింపకుండా జీన్ ఆంటాలజీ వంటి స్థిరమైన పదకోశాల నుంచి ఎంచుకోవాలి.

ఒకే పేజీని చాలా గొలుసులు పంచుకుంటాయి కాబట్టి మరో జాగ్రత్త కూడా కావాలి. ‘మరణాలు పెరగడం’ అన్న పేజీ 16వ గొలుసు సొంతం కాదు, చేపలవీ పక్షులవీ పురుగులవీ ఎన్నో గొలుసులు అక్కడికే వచ్చి ఆగుతాయి. అక్కడ ‘చేప మొప్పలకు గాలి అందక’ అని ఒక్క మాట చేర్చారంటే తేనెటీగల గొలుసు రాసినవారి పేజీలోనూ అదే మాట కనిపిస్తుంది. అందుకే పంచుకున్న పేజీని తాకే ముందు, అది ఏయే గొలుసుల్లో ఉందో అదే పేజీలో ఉండే జాబితా చూసుకోవాలి. మీ చేపకు మాత్రమే చెందే విషయాన్ని లంకె పేజీలోనో, గొలుసు మొత్తం అంచనా రాసే చోటో పెట్టాలి.

కొలత గురించి రాసే భాగంలో చాలామంది ‘ఎల్‌మన్ పద్ధతి’ అని రెండు మాటలు రాసి వదిలేస్తారు. అది చాలదు. 1961 నాటి ఈ పద్ధతిలో ఎంజైమ్‌కు ఎసిటైల్‌థయోకోలిన్ ఇస్తారు. అది విరిగి వచ్చిన థయోకోలిన్ డీటీఎన్‌బీ అనే రసాయనంతో కలిసి పసుపు రంగు తేలుతుంది. 412 నానోమీటర్ల దగ్గర ఆ పసుపు ఎంత వేగంగా పెరుగుతోందో చూస్తే ఎంజైమ్ ఎంత చురుగ్గా ఉందో తెలుస్తుంది. సులువైన పద్ధతే, కానీ మోసం చేసే చోట్లు నాలుగున్నాయి. రక్తంలోని ప్లాస్మాలో బ్యూటిరైల్‌కోలినెస్టరేజ్ అనే మరో ఎంజైమ్ కూడా అదే పదార్థాన్ని విరగ్గొడుతుంది. దాన్ని ఐసో-ఓఎంపీఏ వంటి నిరోధకంతో ఆపకపోతే కొలిచింది ఏ ఎంజైమ్‌నో చెప్పలేం. ఎర్ర రక్తకణాలతో పరీక్ష చేస్తే హిమోగ్లోబిన్ కూడా 412 చుట్టుపక్కలే కాంతిని మింగుతుంది, అందుకే చాలా ల్యాబులు 436 నానోమీటర్లకు జరుగుతాయి. నమూనాలో విరుగుడుగా ఇచ్చిన ప్రాలిడాక్సిమ్ అనే మందు మిగిలి ఉంటే ఎంజైమ్ లేకుండానే అది ఎసిటైల్‌థయోకోలిన్‌ను విరగ్గొట్టి పసుపు తెప్పిస్తుంది. ఇక కార్బమేట్ మందులు ఎంజైమ్‌ను వదిలేస్తూ ఉంటాయి. నమూనాను బాగా పలచన చేసి అరగంట ఆగి కొలిస్తే నిరోధం ఉన్నదానికన్నా తక్కువగా తేలుతుంది. కాబట్టి పేజీలో ఏ కణజాలం, ఏ ఉష్ణోగ్రత, ఎంత పలచన, దేనితో పోల్చి ఎంత శాతం అనేవన్నీ ఉండాలి. కంట్రోల్ నమూనా (మందు తగలనిది) వివరం లేని నిరోధం శాతానికి విలువ లేదు.

క్లోర్‌పైరిఫాస్ విషయంలో మరో చిక్కుంది. మందు డబ్బాలోని అణువు ఎంజైమ్‌ను గట్టిగా పట్టలేదు. ఒంట్లోని సైటోక్రోమ్ పీ450 ఎంజైమ్‌లు దానిలో ఫాస్ఫరస్‌కు అంటుకున్న గంధకాన్ని తీసి ఆక్సిజన్ పెడితే క్లోర్‌పైరిఫాస్-ఆక్సాన్ అవుతుంది. అసలు పట్టు దానిదే. శుద్ధి చేసిన ఎంజైమ్ మీద అసలు మందునే వేసిన ప్రయోగంలో ప్రభావం తక్కువ కనిపించడం సహజం. అందులో కాస్త ఆక్సాన్ కల్తీ ఉంటే ప్రభావం ఎక్కువ కనిపించడమూ సహజమే. ‘క్లోర్‌పైరిఫాస్ ఇంత గాఢతలో నిరోధించింది’ అని పత్రంలో చూసి ఎక్కించే ముందు వాళ్లు వేసింది ఏదో, దాని శుద్ధత ఎంతో ప్రయోగ పద్ధతుల భాగంలో చదివి తీరాలి. ఒంట్లో జరిగే ఈ మార్పును మాత్రం గొలుసులో మెట్టుగా పెట్టరు. ఎంజైమ్‌కు అణువు తగులుకున్న దగ్గరే గొలుసు మొదలవుతుంది. రసాయనం అక్కడి దాకా ఎలా చేరిందన్నది వేరే లెక్క.

పేరు పొరపాట్లకు విరుగుడు సీఏఎస్ నంబరు, అంటే ఒక్కో రసాయనానికీ విడిగా ఇచ్చే గుర్తింపు నంబరు. క్లోర్‌పైరిఫాస్‌ది 2921-88-2. చివరి అంకె సరిచూసుకోవడానికే ఉంది. మిగతా అంకెలను కుడి నుంచి ఎడమకు 1, 2, 3 అంటూ వరసగా గుణించి కూడితే 8, 16, 3, 8, 45, 12 కలిపి 92. చివరి అంకె 2, సరిపోయింది. అయితే ఈ లెక్క టైపింగ్ తప్పునే పడుతుంది, తప్పు రసాయనాన్ని పట్టదు. క్లోర్‌పైరిఫాస్-మిథైల్ నంబరు 5598-13-0, క్లోర్‌పైరిఫాస్-ఆక్సాన్ నంబరు 5598-15-2. రెండూ లెక్కకు సరిపోతాయి, రెండూ వేర్వేరు పదార్థాలు. జాబితాను స్ప్రెడ్‌షీట్‌లో తయారు చేస్తుంటే ఆ గడిని ముందే టెక్స్ట్‌గా మార్చుకోండి. ట్రైక్లోరోఇథిలీన్ నంబరు 79-01-6ను అది 1979 జనవరి 6 అనుకుని తేదీగా మార్చేయగలదు.

యూనిట్లలో జరిగే తప్పు ఇంకా ప్రమాదం. పాత పీడీఎఫ్‌ల నుంచి కాపీ చేసినప్పుడు మైక్రో గుర్తు ఊడిపోయి దాని స్థానంలో ‘ఎం’ అక్షరం రావడం మామూలే. మైక్రోగ్రాము మిల్లీగ్రాము అయిందంటే వెయ్యి రెట్ల తేడా. ఎక్కించే ప్రతి గాఢతనూ ఒకసారి మోలార్‌లోకి, అంటే బరువు బదులు అణువుల లెక్క చెప్పే యూనిట్‌లోకి, మార్చి చూడటం మంచి అలవాటు. క్లోర్‌పైరిఫాస్ అణుభారం సుమారు 350.6, అంటే లీటరుకు 350.6 మైక్రోగ్రాములు ఉంటే 1 మైక్రోమోలార్. మార్చగానే సంఖ్య వింతగా కనబడితే మూలపత్రం పట్టికను తెరిచి చూడాలి.

ఇక లంకె పేజీ. గొలుసు బలం తేలేది ఇక్కడే. ముందుగా, ఈ ఘటన ఆ ఘటనకు దారి తీస్తుందని జీవశాస్త్రం ఒప్పుకుంటుందా అన్నది రాయాలి. తర్వాత ప్రయోగాల సాక్ష్యం. ఇందులో మూడు పోలికలు చూస్తారు: మోతాదు, సమయం, సంఖ్య. ముందు ఘటన వెనక ఘటనకన్నా తక్కువ మోతాదులోనో అదే మోతాదులోనో కనిపించాలి, ముందుగా కనిపించాలి, వెనక ఘటన ఎన్ని ప్రాణుల్లో కనిపించిందో కనీసం అన్నింటిలోనైనా కనిపించాలి. ఒక లెక్క ఊహించుకుందాం. లీటరుకు 2 మైక్రోగ్రాముల దగ్గర ఎంజైమ్ తగ్గింది, 10 దగ్గర ఊపిరి ఇబ్బంది మొదలైంది, 20 దగ్గర చావులు. ఇది కుదిరిన వరస. అదే 2 దగ్గర చావులు వచ్చి ఎంజైమ్ మామూలుగా ఉందంటే ఆ చావులకు వేరే దారి ఏదో ఉంది. ఈ పోలిక ఒకే ప్రయోగంలో, ఒకే జాతిలో, ఒకే వయసు ప్రాణుల్లో కొలిచినప్పుడే చెల్లుతుంది. ఎంజైమ్‌ను ఒక పత్రం నుంచి, చావులను మరో పత్రం నుంచి తెచ్చి పక్కపక్కన పెడితే వరస కుదిరినట్టే కనిపిస్తుంది, కానీ అది సాక్ష్యం కాదు. జాతుల తేడా కూడా చిన్నది కాదు. పక్షుల మెదడులో 20 శాతం నిరోధాన్ని మందు తగిలిందనడానికి గుర్తుగా, 50 శాతం దాటితే చావుకు కారణంగా తీసుకుంటారు. చేపల్లో కొన్ని అంతకన్నా ఎక్కువ నిరోధాన్నీ తట్టుకుంటాయి. అందుకే ‘ఇంత శాతం దాటితే మరణం’ అని జాతి పేరు లేకుండా రాయకూడదు.

గొలుసు మొత్తానికి అంచనా రాసేటప్పుడు అడిగే గట్టి ప్రశ్న ఇది: మధ్యలో ఒక మెట్టును ఆపితే కింది మెట్లు ఆగుతాయా? ఈ ప్రశ్నకు మన ఆసుపత్రుల క్యాజువాలిటీల్లోనే సాక్ష్యం ఉంది. ఆంధ్ర, తెలంగాణ జిల్లాల్లో పురుగుమందు తాగి వచ్చినవారికి ముందుగా ఎక్కించేది అట్రోపిన్. ఎంజైమ్ ఇంకా ఆగిపోయే ఉంటుంది, ఎసిటైల్‌కోలిన్ పేరుకునే ఉంటుంది. అయినా దాన్ని అందుకునే మస్కరినిక్ గ్రాహకాలను అట్రోపిన్ కమ్మేయడంతో ఊపిరితిత్తుల్లో నీరు ఆరి ఊపిరి తేలికవుతుంది. అంటే కబురు అతిగా మోగడమన్న మెట్టు లేకుండా కింది హాని రాదని గట్టిగా రాయవచ్చు. కానీ అట్రోపిన్ కండరాల వైపున్న నికోటినిక్ గ్రాహకాలను తాకదు. కాబట్టి ఈ సాక్ష్యం గొలుసులో ఒక పాయకే చెల్లుతుందన్న మాట కూడా పక్కనే రాయాలి.

ప్రాలిడాక్సిమ్, డాక్టర్లు ‘పామ్’ అనే మందు, కట్టుబడిన ఎంజైమ్‌నే విడిపిస్తుంది. లెక్క ప్రకారం మొదటి మెట్టునే వెనక్కి తిప్పితే చావులు తగ్గాలి. మహారాష్ట్రలోని బారామతిలో చేసి 2006లో ప్రచురించిన పరీక్షలో 2 గ్రాములిచ్చి ఆపైన గంటకు 1 గ్రాము చొప్పున 48 గంటలు ఎక్కిస్తే మేలు కనిపించింది. శ్రీలంకలో చేసి 2009లో ప్రచురించిన పరీక్షలో 2 గ్రాముల తర్వాత గంటకు అర గ్రాము ఇచ్చారు. రక్తకణాల్లో ఎంజైమ్ తిరిగి లేచింది, చావులు మాత్రం తగ్గలేదు. ఇలాంటి జంట ఎదురైనప్పుడు నచ్చినదాన్ని ఎక్కించి రెండోదాన్ని వదిలేయడం ఈ పనిలో చేయగల అతి పెద్ద ద్రోహం. రెండూ ‘అనిశ్చితులు, పొసగనివి’ అన్న భాగంలోకి వెళ్లాలి, తేడాలతో సహా. బారామతిలో పోల్చింది నాలుగు గంటలకోసారి 1 గ్రాము ఇచ్చినవారితో, శ్రీలంకలో పోల్చింది ఉప్పునీళ్లు ఎక్కించినవారితో. మోతాదూ వేరే. పైగా రక్తకణంలో ఎంజైమ్ లేవడం ఊపిరి కండరం దగ్గర లేవడానికి రుజువు కాదు. ఇంత రాశాకే ‘ఎక్కువ, మధ్యస్థం, తక్కువ’ అన్న మూడు మార్కుల్లో ఒకటి వేయాలి. చాలామంది ముందు మార్కు వేసి, తర్వాత దానికి సరిపడా పత్రాలు వెతుకుతారు. సమీక్షకులు మొదట పట్టుకునేది అదే.

ప్రయోగాల సాక్ష్యానికి సమీక్ష వ్యాసాన్ని కాకుండా కొలిచినవారి పత్రాన్నే మూలంగా చూపడం మంచిది. సమీక్షలు దాటి ఓఈసీడీ ఆమోదం పొందిన గొలుసుకు ఆ రోజు ఉన్న రూపంలో ఒక నకలు తీసి భద్రపరుస్తారు. నియంత్రణ సంస్థలు దాన్ని చూపించుకోవచ్చు. వికీ పేజీ మాత్రం ఆ తర్వాత కూడా మారుతూనే ఉంటుంది, కొత్త ప్రయోగం వచ్చినప్పుడల్లా ఎవరో ఒకరు తెరిచి దిద్దాలి. గోదావరి జిల్లాల చెరువుల్లో పెరిగే బొచ్చె, శీలావతి వంటి చేపల మీద కొలిచిన అంకెలు మన విశ్వవిద్యాలయాల ప్రయోగశాలల నుంచి ఎన్నో ప్రచురితమయ్యాయి. కణజాలం, ఉష్ణోగ్రత, మోతాదు, కంట్రోల్ నాలుగూ రాసి ఉన్న ఒక్క పత్రం దొరికినా, ఏ జాతులకు వర్తిస్తుందో రాసే గడిలో ఆ చేప పేరు ఎక్కించవచ్చు.