సముద్రం తొలిచిన తొట్లు

విశాఖ నుంచి భీమిలి వెళ్లే దారిలో తొట్లకొండ ఉంది. ఒకప్పుడు అక్కడ ఉన్న బౌద్ధ భిక్షువుల కోసం రాతిలో తొలిచిన నీటి తొట్ల వల్లే ఆ పేరు. మొన్న అమావాస్య నాడు మేం నలుగురు స్నేహితులం పొద్దున కొండ చూసి, మధ్యాహ్నానికి కింద మంగమారిపేట ఒడ్డుకు దిగాం. అక్కడి రాళ్లలోనూ తొట్లున్నాయి. వాటిని తొలిచింది మాత్రం సముద్రం.

అమావాస్యను కావాలనే ఎంచుకున్నాం. ఆ రోజు సూర్యుడూ చంద్రుడూ ఒకే వరసలో ఉండి నీటిని లాగుతారు. పోటు బాగా పైకొస్తుంది, పాటు బాగా వెనక్కి పోతుంది. పౌర్ణమికీ ఇంతే. మామూలు రోజుల్లో నీళ్లలో ఉండే రాళ్లు మూడు గంటల ప్రాంతంలో బయటపడ్డాయి. పాటు రోజురోజుకీ ఆలస్యమవుతుంది కాబట్టి, మర్నాడు వచ్చుంటే ఇంకో ముప్పావు గంట దాకా ఆగాల్సి వచ్చేది.

పై రాళ్ల నిండా గరుగ్గా, తెల్లగా బొడిపెలు. కాలికి గుచ్చుకుంటే తప్ప ఎవరూ పట్టించుకోరు. అవి బార్నకిల్స్. చూస్తే నత్తల్లా ఉంటాయి గానీ రొయ్యలకూ పీతలకూ చుట్టాలు. పిల్లగా ఉన్నప్పుడు నీళ్లలో ఈదుతుంది. నచ్చిన రాయి దొరికాక తల వైపు నుంచి జిగురు కార్చి అతుక్కుపోతుంది. ఇక జన్మంతా అక్కడే, తలకిందులుగా. చుట్టూ సున్నపు గోడ కట్టుకుని, నీళ్లు పోగానే తలుపులు బిగించేసుకుంటుంది. లోపల మిగిలిన కాస్త తడితోనే ఎండను గడుపుతుంది. డార్విన్ వీటి మీద ఎనిమిదేళ్లు పనిచేశాడంటే నాకిప్పుడు ఆశ్చర్యం లేదు.

కింది గుంటల్లో సీ ఎనిమోన్లు అనే మెత్తటి సముద్ర జంతువులు ఉన్నాయి. నీళ్లలో పువ్వులా విచ్చుకున్నది, పక్కనే గట్టు మీద జిగురు ముద్దలా ముడుచుకున్నది, రెండూ ఒకటే జాతి అంటే మావాళ్లు నమ్మలేదు.

ఒక స్నేహితురాలు జేబులో గవ్వలు, శంఖాలు పోగేసింది. వాటిలో ఒక శంఖం లోంచి కాళ్లు బయటికొచ్చాయి! సన్యాసి పీత. దీని పొట్ట మెత్తన, సొంత పెంకు ఉండదు. చచ్చిన నత్తల శంఖమే ఇల్లు. ఒళ్లు పెరిగినకొద్దీ ఇంకా పెద్దది వెతుక్కోవాలి, దొరక్కపోతే ఇరుకులోనే బతకాలి. మనం ఖాళీ శంఖం అని ఇంటికి తెచ్చుకునేది ఏదో ఒక పీతకు రేపటి ఇల్లు. తను జేబంతా ఆ గుంట పక్కనే ఖాళీ చేసింది. పీత ఒక్కో శంఖాన్నీ గోళ్లతో తడిమి, దొర్లించి, లోపలికి కాలు పెట్టి చూసింది. పావుగంట చూశాం. చివరికి పాత ఇంట్లోనే ఉండిపోయింది.

ఐదు దాటేసరికి నీళ్లు రాళ్లెక్కడం మొదలైంది. మేం వెనక్కి జరుగుతూ ఒక గుంట దగ్గర వంగి చూశాం. మొదటి అల తాకగానే బార్నకిల్ తలుపులు తెరుచుకుని, ఈకల్లాంటి కాళ్లు బయటికొచ్చి నీళ్లను దువ్వసాగాయి.